ఈసారి బ్యాచ్ నిజమే

"ఈసారి నిజంది," అన్నాడు పెద్దాయన.

కుర్చీలో కూర్చోబోతున్న పిల్లి సగంలో ఆగిపోయాడు. పదకొండేళ్ళ సర్వీసులో ఈ మాట వినడం ఇదే మొదటిసారి.

చప్పుడు లేకుండా నడుస్తాడని సీక్రెట్ సర్వీసులో అతన్ని పిల్లి అన్నారు, ఆ పేరే ఖాయమైపోయింది. బయటి లోకానికి మాత్రం మందుల శాఖలో గుమాస్తా. వారానికొకసారి ఆ శాఖ తరఫున పత్రిక ఏడో పేజీ అడుగున చిన్న ప్రకటన వేయించడం అతని డ్యూటీ. ఫలానా జలుబు మందు, ఫలానా బ్యాచ్, లోపం ఉంది, ఎవరూ వాడవద్దు, షాపులు వెంటనే వెనక్కి పంపాలి. మందు నిజమే గానీ ఆ బ్యాచ్ మాత్రం భూప్రపంచంలో ఎక్కడా ఉండదు. బ్యాచ్ నంబరు అంకెల్లో మొదటి రెండూ తేదీ, తర్వాతి రెండూ గంట, చివరివి చోటు. సరిహద్దు అవతల ఉన్న మన ఏజెంట్లు పత్రిక కొనుక్కుని, ఎప్పుడు ఎక్కడ కలవాలో చదువుకుంటారు. మొదట్లో షాపులవాళ్ళు పాపం నిజమనుకుని అరలన్నీ గాలించారు. ఎన్నిసార్లు గాలించినా ఏమీ దొరక్కపోయేసరికి చదవడమే మానేశారు. పెద్దాయన దాన్ని కూడా మన ఘనత కిందే వేసుకున్నాడు.

"పిల్లల జలుబు సిరప్, ఆకుపచ్చ మూతది," పెద్దాయన ఫోటో ముందుకు తోశాడు. "అవతలి ముఠా ఒక బ్యాచ్‌లో విషం కలిపింది. తాగిన పిల్లలకు రెండు రోజుల్లో కిడ్నీలు పోతాయి. నిన్న సాయంత్రం కబురందింది. రాత్రికి రాత్రే నేనే ప్రకటన ఇచ్చాను. ఇవాళ పేపర్లో పడింది. తెల్లవారుజామున వ్యాన్ పట్టుకున్నాం. ఒక్క కార్టన్ తక్కువుంది. పన్నెండు సీసాలు."

"ఏ షాపుకెళ్ళింది సార్?"

"అదే నీ మిషన్. పది గంటలకు పెద్దాసుపత్రి క్యాంటీన్లో నెమలిని కలువు. ముఠా లోపలి మనిషి, మనకు పనిచేస్తోంది. ఆమెకు తెలిసుంటుంది."

"సార్, ఈలోగా రేడియోలో చెప్పిద్దాం. పేపర్ ప్రకటన ఎవరూ చదవరు కదా."

"ఎందుకు చదవరని అడిగితే ఏం చెబుతావ్?"

పిల్లికి అక్కా, ఆమె కూతురు చిట్టీ గుర్తొచ్చారు. నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. చిట్టికి జలుబు, ఒకటే దగ్గు, పొద్దున్నే వీధి చివర షాపులో సిరప్ తెద్దామనుకుంటున్నా, పేపర్లో ఏవేవో వేస్తుంటారు కదరా, కొనొచ్చా అని అడిగింది. అవన్నీ ఉత్తవే అక్కా, నా మాట విని కొను అన్నాడు. పదకొండేళ్ళలో అతను బయటపెట్టిన రహస్యం అదొక్కటే.

"ఒక్క ఫోన్ చేసుకుంటాను సార్."

"మిషన్ మొదలైంది. ఫోన్ లాకర్లో పెట్టేశావుగా. రూలు నీకు నేను చెప్పాలా?"

పదికి ఐదు నిమిషాలుందనగా, మెడలో టై, చేతిలో బ్యాగు, మూతి మీద అతికించిన మీసంతో మెడికల్ రిప్రజెంటేటివ్ వేషంలో క్యాంటీన్లో అడుగుపెట్టాడు. జేబులో ముక్కుకు పీల్చుకునే ఇన్‌హేలర్ ఉంది. దాని లోపల రేడియో సెట్. మూత తిప్పితే ఆఫీసు పలుకుతుంది.

నెమలి కిటికీ పక్కన కూర్చుంది. నీలం చీర, చలువ కళ్ళద్దాలు. చుట్టుపక్కల డాక్టర్లు కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అటే చూస్తున్నారు.

"దగ్గు పొడిదా, కఫమా?" అన్నాడు పిల్లి. అది కోడ్.

"రెండూ కాదు, వాతావరణం," అంది. అదీ కోడే.

"కార్టన్ ఎక్కడుంది?"

"అంత తొందరా? పేపర్ చూశావా? ఏడో పేజీ బాగా కుదిరింది. ఆ ప్రకటనలు రాసేది నువ్వే కదూ?"

పిల్లి కుర్చీ వెనక్కి జరిపాడు. ఆ ప్రకటనలు ఎవరు రాస్తారో పెద్దాయనకూ తనకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

"ఆ నంబర్ల సంగతి మావాళ్ళు రెండేళ్ళ కిందటే విప్పేశారు," నెమలి కళ్ళద్దాలు తీసింది. "మావాళ్ళంటే అవతలివాళ్ళు. ఇంకా అర్థం కాలేదా? కబురు మీకు నిన్ననే ఎందుకు అందిందనుకున్నావ్? నేనే పంపాను. మీరు ప్రకటన వెయ్యాలి, ఎవరూ దాన్ని చదవకూడదు. రేపు పిల్లలు పోతే హెచ్చరిక ముందే వచ్చిందని తేలుతుంది. జనం ఎందుకు నమ్మలేదో కూడా తేలుతుంది. ఆ తర్వాత మీ సర్వీసు ఉంటుందా?"

"పసిపిల్లలే దొరికారా మీకు!"

"హెచ్చరికలను ఎవరూ పట్టించుకోకుండా చేసింది మీరు. మేం వాడుకున్నాం, అంతే." లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "కార్టన్ మీ అక్క వీధిలో ఉంది, చివరి షాపు. పొద్దున్న ఎనిమిదికే దింపించాను. ఇప్పుడు చెప్పు. నన్ను పట్టుకుంటావా, ఫోన్ వెతుక్కుంటావా?"

ఆమె నింపాదిగా గుమ్మం దాటి వెళ్ళిపోయింది. పిల్లి క్యాషియర్ బల్ల మీదున్న ఫోన్ మీదికి దూకినంత పని చేశాడు. అక్క నంబరుకు ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తే దిక్కు లేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. చిట్టి పడుకుంటే అక్క ఫోన్ గొంతు నొక్కేస్తుంది. లేవగానే ఇంత తినిపించి మందు పట్టిస్తుంది.

టాక్సీలో కూర్చుని ఇన్‌హేలర్ మూత తిప్పాడు. "పిల్లి మాట్లాడుతున్నా. నెమలి మనల్ని ముంచింది. కార్టన్ మా అక్క వీధిలో ఉంది. లోకల్ పోలీసులను పంపండి."

"పెద్దాయన మీటింగులో ఉన్నారు," అంది అవతలి గొంతు. "పోలీసులు రాతపూర్వకంగా అడుగుతారు. కారణం ఏమని రాయమంటారు?"

పిల్లికి ఏడుపొచ్చింది. డ్రైవర్ అద్దంలోంచి జాలిగా చూశాడు. "జలుబు బాగా ముదిరినట్టుంది సార్. దానితో మాట్లాడితే తగ్గదు, గట్టిగా పీల్చాలి."

రైల్వే గేటు పడింది. గూడ్సు బండి ఎంతకీ అవ్వదు. పిల్లి వ్యాగన్లు లెక్కపెట్టాడు, మధ్యలో తప్పాడు, మళ్ళీ మొదలెట్టాడు. మూడు భాషల్లో అబద్ధమాడగలడు, వేలితో తాళం తీయగలడు, కదిలే లారీ ఎక్కగలడు. మూడేళ్ళ పిల్ల నోటి దగ్గరికి వెళ్ళే ఒక్క చెంచాను ఆపడం మాత్రం అతని చేతిలో లేదు. ఆ చెంచా వెనక ఉన్నది శత్రువు కాదు, అక్క. ఆమెకు ధైర్యం చెప్పి కొనిపించింది తనే. గేటు లేవకముందే తలుపు తోసుకుని దిగి, చివరి వ్యాగన్ దాటగానే పట్టాల మీదుగా పరుగెత్తాడు.

మెట్లన్నీ ఎక్కి అక్క ఇంట్లో పడేసరికి ఊపిరి అందలేదు. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల చిట్టి గుక్కపెట్టి ఏడుస్తోంది. గచ్చు మీద ఎర్రటి సిరప్ మడుగు, పక్కనే చెంచా.

"తాగిందా అక్కా?" అన్నాడు.

"లేదురా. నోట్లో పెట్టబోతున్నా. ఈయన తలుపైనా కొట్టకుండా వచ్చి నా చెయ్యి మీద ఒక్కటిచ్చారు," అంది అక్క. తమ్ముణ్ణి అప్పుడు సరిగ్గా చూసింది. "ఏంట్రా, సగం మీసమే ఉంది?"

కుర్చీలో ఒక ముసలాయన మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఒళ్ళో ఆకుపచ్చ మూతల సీసాలు నాలుగు. వీధి చివర మందుల షాపు ఆయనదే. వీధంతా ఆయన్ని చాదస్తుడంటుంది. సీసా అమ్మితే ఎవరికి అమ్మాడో వివరంగా రాసుకోనిదే కొన్నవాళ్ళను కదలనివ్వడు.

"పన్నెండూ లెక్కకొచ్చాయమ్మా," అన్నాడాయన. "ఎనిమిది షాపులోనే ఉన్నాయి. పేపర్ తీసేలోపే నాలుగు అమ్మేశాను, అది నా తప్పు. మూడిళ్ళ వాళ్ళు ఇంకా మూత కూడా తియ్యలేదు. మీదే ఆఖరిది."

పిల్లి గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు. చిట్టిని లాక్కుని గుండెకు హత్తుకున్నాడు. ఆ పిల్ల అతని టైకి ముక్కు తుడిచేసింది.

"మా తమ్ముడండీ. మందుల శాఖలోనే చేస్తాడు," అంది అక్క.

ముసలాయన మొహం ఎర్రబడింది. "ఓహో, మీరా బాబూ! మీవాళ్ళకు ఒక మాట చెప్పండి. పదకొండేళ్ళ నుంచి మీరేసిన ప్రతి ప్రకటనా చదువుతున్నా. ప్రతిసారీ నిచ్చెనేసుకుని పై అరలన్నీ దింపి, ఒక్కో సీసా తిప్పి చూసుకుంటున్నా. ఒక్కనాడు దొరికితే ఒట్టు! చుట్టుపక్కల షాపులవాళ్ళు నవ్వుతారు. మా ఆవిడైతే మోకాళ్ళు అరిగాయి, ఇంక చాలించమంటుంది. ఇవాళ్టికి ఒక్కటి దొరికింది. ఇన్నేళ్ళు నిద్రపోతున్నారా మీ శాఖలో?"

ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది పిల్లికి. ఎందుకు పడుతున్నాడో చెప్పే వీలు లేదు.

"చెబుతానండీ," అన్నాడు.

మర్నాడు పెద్దాయన రిపోర్టు చదివి సంతోషించాడు. ప్రకటనలు దివ్యంగా పనిచేస్తున్నాయని దాని మీద రాశాడు. నెమలి సరిహద్దు దాటేసింది. కోడ్ మార్చారు, పద్ధతి మార్చలేదు. ఈ వారం ప్రకటన మధ్యాహ్నం లోపు పత్రికకు చేరాలని పిల్లికి ఆర్డర్ వచ్చింది.

వద్దని చెప్పి చూశాడు. ఎవరూ వినలేదు. చివరికి కాగితం ముందు కూర్చుని కలం నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. సిరప్ అని రాసి కొట్టేశాడు. మాత్రలు అని రాసి అదీ కొట్టేశాడు. ఆఖరుకు ఛాతీకి రాసుకునే జలుబు బామ్ అని రాశాడు. ఏ షాపులోనైనా దాన్ని కింది అరలోనే పెడతారు, నిచ్చెన అక్కర్లేదు.