బావికి పట్టిన వాసన

ఆవిడ వచ్చీరాగానే సంచిలోంచి నీళ్ల సీసా తీసి బల్లమీద పెట్టింది. ఊరి చివర మొక్కల నర్సరీ నడుపుకుంటుందట, ఒంటరి మనిషి. కొన్నాళ్లుగా బావి నీళ్లు కంపు కొడుతున్నాయనీ, అగ్గిపుల్ల గీయాలంటే గుండె దడదడలాడుతోందనీ చెప్పింది.

డిటెక్టివ్ మూత తీసి, వాసన చూసి, ఏమీ తెలియక సహాయకుడికి అందించాడు. ఎప్పుడో పట్టిన పడిశం ఆయన ముక్కును శాశ్వతంగా మూసేసి పోయింది. నేరాల వాసన ఇట్టే పట్టే మనిషికి అత్తరుకూ మురుగుకాలవకూ తేడా తెలియదు. లోకంలో తన గురువంతటివాడు లేడని సహాయకుడి నమ్మకం. ఆ గురువుకు తన ముక్కు కావలసి రావడం అతని గర్వం.

"గ్యాస్ వాసనండీ," అన్నాడు.

"గ్యాస్ వాసనంటే ఎలాంటిది?"

జవాబు ఆవిడే చెప్పింది. "గ్యాస్ పొయ్యి సరిగా కట్టేయకపోతే వంటింట్లో వస్తుందే, అదేనండీ."

సాయంత్రం గ్యాస్ కంపెనీ తరఫున లీజు ఏజెంటు వస్తాడట. బావి చెడిపోయిన మాట నిజమైతే సంతకం పెట్టేస్తుంది. పెడితే ఇల్లూ, నర్సరీ, బావీ అన్నీ గ్యాస్ కంపెనీ చేతికి పోతాయి. నిజమో కాదో తేల్చి చెబితే చాలంది.

వాళ్లు వెళ్లేసరికి ఆ వీధి బావురుమంటోంది. భూమి అడుగున రాతిపొరల్లో గ్యాస్ ఉందని తేలాక, పొలాలు లీజుకిచ్చి జనం పట్నం చేరారు. కిరాణా కొట్టు డ్రిల్లింగ్ కూలీల క్యాంపు దగ్గరికి మారిపోయింది. తాళాలు వేసిన ఇళ్ల ముందు లారీలు పోతుంటే గోడలు అదురుతున్నాయి. నర్సరీలో మొక్కలు పచ్చగానే ఉన్నాయి, కొనేవాళ్లే లేరు. మొక్క కొనేవాడికి నాటుకోవడానికి నేలంటూ ఉండాలి కదా.

ఆ వీధిలో మిగిలినవి రెండే ఇళ్లు. పక్కింట్లో ఆవిడ వదిన, పోయిన అన్నగారి భార్య. వదిన పొలం లీజుకిచ్చింది, ఈవిడ ఇవ్వనంది. అప్పటినుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. సంతకం పెట్టినవాళ్లకు కంపెనీ కుళాయి వేయించింది. బావి చెడ్డాక ఈవిడ బిందె పట్టుకుని ఆ కుళాయి దగ్గరికే వెళుతోంది. అలా మళ్లీ మాటలు కలిశాయి.

"పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదేనండీ. కంపెనీవాళ్ల పనే," అన్నాడు సహాయకుడు.

డిటెక్టివ్ బావిగట్టు పక్క బురదలో గుండ్రంగా పడిన అచ్చు చూస్తున్నాడు. ఆవిడ బకెట్‌ను తెచ్చి ఆ అచ్చులో పెట్టి చూశాడు. అచ్చు చాలా పెద్దది.

వదిన టీ తెచ్చింది. టీకి పొగ వాసన పట్టిందని సహాయకుడు గురువు చెవిలో ఊదాడు. కట్టెపొయ్యి మీద రుచే వేరని వదిన అడక్కుండానే చెప్పింది. వాళ్లింటి తలుపు సందులోంచి వంటగట్టు మీద గ్యాస్ పొయ్యి కనిపిస్తూనే ఉంది.

సాయంత్రం అందరినీ ఒకచోట కూర్చోబెట్టమన్నాడు డిటెక్టివ్. అందరూ అంటే ఆ వీధికి మిగిలింది ఇద్దరాడవాళ్లూ, కాగితాలతో వచ్చిన ఏజెంటూ.

"భూమిలోంచి వచ్చే గ్యాస్‌కు ఈ వాసన ఉండదు," అని మొదలుపెట్టాడు. "లీకైతే తెలియాలని వంటగ్యాస్‌లో కావాలని కలుపుతారు. ఏజెంటుగారికి ఇది తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు, బావి చెడిందనుకుంటే ఆయనకే లాభం."

ఏజెంటు తేలు కుట్టిన దొంగలా తల వంచుకున్నాడు.

"కానీ చేసింది ఆయన కాదు. గ్యాస్ మీద బతికేవాడు ఈ పొరపాటు చేయడు. గ్యాస్ అంటే ఈ వాసనే అనుకునేది వంట చేసుకునేవాళ్లు. బురదలో ఉన్నది సిలిండర్ అడుగు అచ్చు. గొట్టం బావిలోకి దించి వదిలారు. ఆ సిలిండర్ ఖాళీ అయ్యాక ఒకరింట్లో కట్టెపొయ్యి రాజుకుంది."

వదిన చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది.

"నిప్పురవ్వ పడితే మీ ఆడపడుచు ప్రాణం పోయేదమ్మా," అన్నాడు డిటెక్టివ్ నెమ్మదిగా. "పొమ్మనలేక పొగబెట్టారని మావాడు అనుకున్నాడు. ఇది రమ్మనలేక పెట్టిన పొగ."

వదిన డిటెక్టివ్ వైపు తిరిగింది. "మనిషి గొంతు విని ఎన్నాళ్లయిందో అప్పటికి. పొద్దస్తమానం లారీల మోతే. నాతో మాటలు మానేసింది కదా, నీళ్లకైనా మా గుమ్మం తొక్కుతుందనుకున్నాను. ఇల్లే వదిలేసి పోతుందనుకోలేదు."

సహాయకుడికి గుండె చెరువైంది. నేరస్థుడు దొరికినప్పుడు కలిగే సంతోషం ఈసారి అతనికి కలగలేదు.

నర్సరీ ఆవిడ ఏజెంటు కాగితాలు తీసి అతని చేతిలోనే పెట్టేసింది. అతను వెళ్లిపోయాక కూడా వదిన వైపు చూడలేదు. మనసులో మంట ఉంది, ఎందుకుండదు? లేచి గుమ్మందాకా పోయి ఆగింది.

"సిలిండర్ ఖాళీ చేసుకున్నావుగా. రాత్రికేం వండుకుంటావు?"

"కట్టెలు కూడా అయిపోయాయి," అంది వదిన.

"మా పొయ్యి వెలిగిస్తాను. వచ్చి ఉల్లిపాయలు తరుగు."

బావిలో గ్యాస్ పోయేదాకా అటువైపు నిప్పు తేవద్దని చెప్పి, డిటెక్టివ్ వీధిలోకి నడిచాడు. తాళాల ఇళ్లు దాటాక ఆగి, ఇప్పుడేం వాసన వస్తోందని అడిగాడు.

"ఉల్లిపాయలు వేగుతున్నాయండీ," అన్నాడు సహాయకుడు.

ఆ వాసన అందని మనిషి, ఆవిడ వంటింటి కిటికీ వెలుగును చూస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాడు.