హువాస్కర్ తప్పించుకున్న శనివారం

“పట్టుబడే ఓడే కావాలా మీకు?” అని అడిగింది హిమేనా.

“పెరూవాణ్ణి. ఇంకోటి ఎలా తీసుకుంటాను?” అన్నాడు అబెలార్దో.

వాల్పరైసోలో బరోన్ కొండ మీద, బేకరీ పైగదిలో, శనివారం మధ్యాహ్నాలు బోర్డు గేముల వాళ్ళు చేరతారు. వాళ్ళిద్దరి మధ్యా గళ్ళు గీసిన అట్ట సముద్రం పరిచి ఉంది. 1879లో పెరూ యుద్ధనౌక హువాస్కర్‌ని చిలీ ఓడలు చుట్టుముట్టి పట్టుకున్న పోరాటం అది. పెరూ ఆటగాడు హువాస్కర్‌ని ఉత్తరం అంచు దాటించాలి. చిలీ ఆటగాడు అడ్డుపడాలి.

నలభై నిమిషాల్లో హిమేనా అడ్డుపడింది. అబెలార్దో రేవు దగ్గర హోటల్లో వంటవాడు, పెరూలోని కాల్యావోలో ఉండగా ఈ ఆటలో ఓటమి ఎరగడు. ఈ అమ్మాయి చూస్తే, కొండ మీదికి పట్టాల మీద జనాన్ని ఎక్కించే లిఫ్టు నడుపుతుందట.

“ఏడవకండి. బయట వాన సరిపోతుంది,” అంది హిమేనా.

“వచ్చే శనివారం చూద్దాం.”

వచ్చే శనివారం కూడా ఓడిపోయాడు. చలికాలమంతా ఓడిపోయాడు. జూలైకి, అంటే అక్కడ చలికాలం నడుమకి, ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. ఓడినవాడు కింద బేకరీలో మాంసం కూరి కాల్చిన ఎంపనాడాలు కొనాలి. ఆమె గెలిచి ముందే మెట్లు దిగి, వెనక్కి తిరిగి చూసే ఆ ఒక్క చూపు కోసం ఎన్నిసార్లయినా ఓడొచ్చు అనిపించేది అతనికి.

“మీ ఇంటికి పిలవవా?” అన్నాడొకసారి.

“మా నాన్న నేవీలో ముప్పై ఏళ్ళు ఫిరంగి పేల్చాడు. పెరూ పేరు వినపడితే రేడియో కట్టేస్తాడు. నిన్ను చూస్తే ఏం కడతాడో.”

ఆగస్టు చివర్లో అబెలార్దో ఆట మధ్యలో తలెత్తకుండానే చెప్పాడు. “మా అన్న కాల్యావోలో హోటల్ పెడుతున్నాడు. వచ్చేయమంటున్నాడు. వచ్చే నెల వెళ్ళాలేమో.”

హిమేనా పాచికలు వేసింది, ఓడ జరిపింది. మూడు ఎత్తుల తర్వాత హువాస్కర్ ఉత్తరం అంచు దాటిపోయింది.

అబెలార్దో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పక్క బల్లల వాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతలో అతని చూపు బోర్డు మీద పడింది. నవ్వు ఆగిపోయింది.

“నీ కొక్రేన్ ఓడని దక్షిణానికి ఎందుకు తిప్పావు? రెండు గళ్ళు ముందుకొస్తే నేను అయిపోయేవాణ్ణి.”

“చూసుకోలేదు.”

“నువ్వు? చూసుకోలేదా?”

ఆమె అట్టముక్కలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.

“ఇన్ని వారాలూ నిజంగా ఓడాను, హిమేనా. అందులో సిగ్గు లేదు. ఇవాళ నా మీద జాలిపడ్డావు చూడు, దీన్ని మాత్రం ఎవరికీ చెప్పుకోలేను,” అని జాకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

రెండు శనివారాలు రాలేదు. ఆ మరుసటి బుధవారం మధ్యాహ్నం, హోటల్లో ఒక ముసలాయన ఒంటరిగా కూర్చుని, నిమ్మరసంలో ఊరిన పచ్చి చేపల పెరూ వంటకం సెవిచే తెప్పించుకున్నాడు. గిన్నె ఖాళీ చేసి, వంటవాణ్ణి పిలవమన్నాడు. అబెలార్దో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“నేను నిబాల్దో ఓయర్సున్. హిమేనా తండ్రిని.”

అబెలార్దో చేతిలో గుడ్డ జారి కిందపడింది.

“ఓడిపొమ్మని దానికి చెప్పింది నేనే బాబూ. వెళ్ళిపోతున్న కుర్రాణ్ణి ఒక్కసారి గెలవనియ్యమన్నాను. దాని తప్పేం లేదు. నిమ్మకాయ కాస్త ఎక్కువైంది,” అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అబెలార్దో ఏప్రన్‌తోనే కొండ దగ్గరికి పరుగెత్తాడు. లిఫ్టు నడిపే గదిలో హిమేనా అతన్ని చూసి ముఖం తిప్పుకుంది. అతను ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. నాలుగోసారికి ఆమె తన గది అద్దం తలుపు తెరిచింది.

“ఏం కావాలి?”

“మీ నాన్న వచ్చారు. ఓడిపొమ్మని తనే చెప్పానన్నారు.”

హిమేనా ముఖంలో రంగు మారింది. “నాన్నా? నీ దగ్గరికా? నీ పేరే నేనెప్పుడూ ఇంట్లో ఎత్తలేదు. వెళ్తున్నావని నాకే ఆ రోజు తెలిసింది. ముందే ఎలా చెప్తాడు?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడిపోయారు. క్యూలో ఒకావిడ దగ్గింది.

“మరి ఎందుకు ఓడావు?” అన్నాడు అబెలార్దో మెల్లగా.

“నువ్వు వెళ్తానన్నాక బోర్డు కనపడలేదు. చూసుకోలేదని చెప్పానుగా. నిజమే చెప్పాను.”

“మా అన్నకి ఫోన్ చేస్తాను, రానని. నువ్వు ఉండమంటే.”

“ఉండమనే అంటున్నాను. ఇంకెలా చెప్పాలి?” అంది. ఆమె కళ్ళు తడిసి ఉన్నాయి. గది గడప దాటి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. క్యూలో ఆవిడ ఈసారి దగ్గలేదు.

షిఫ్టు దిగాక తిన్నగా ఇంటికి తీసుకెళ్ళింది. నిబాల్దో వంటగదిలో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు.

“నాన్నా, ఇతనికి అబద్ధం ఎందుకు చెప్పావు? అసలు ఎలా తెలిసింది నీకు?”

ఆయన కత్తి పక్కన పెట్టి, భోజనాల బల్ల వైపు చూపించాడు. దాని మీద అట్ట సముద్రం, దాని మీద రెండు ఓడలు.

“పెరూ కుర్రాడు వెళ్ళిపోతున్నాడనీ, నువ్వు గెలవనిచ్చావని అలిగాడనీ కొండంతా చెప్పుకుంటోంది. నువ్వేమో రెండు వారాలుగా అదే ఎత్తు వేస్తున్నావు, అదే ఓడ ముందు కూర్చుని ఏడుస్తున్నావు,” అన్నాడు. “బల్ల ఖాళీ లేక నేను నిలబడి తింటున్నానమ్మా.”

తర్వాత అబెలార్దో వైపు తిరిగి, అతని చేతిలో ఇంకో కత్తి పెట్టాడు.

“కూర్చో బాబూ. ఉల్లిపాయలు నువ్వు తరుగు.”