తెల్లచీర కట్టిన బామ్మర్ది

కోదాడ నుంచి నడిగూడెం పోయే బండ్లబాటలో పాత నాకా అంటే ఆ చుట్టుపక్కల అందరికీ హడలే. ఇటు నైజాం రాజ్యం, అటు మద్రాసు రాజ్యం అయిన రోజుల్లో వచ్చేపోయే బండ్లను ఆపి సోదా చేసిన చోటు అది. పోలీస్ యాక్షన్ అయిన ఏడాది సిపాయిలు కనీసం తాళమైనా వేయకుండా పోయారు. నాలుగు రాతి స్తంభాలు, తలుపుల్లేని గది ఒకటి మిగిలాయి. తర్వాత అందులోకి ఎవరు వచ్చి చేరారో గానీ… పొద్దుగూకితే స్తంభం చాటున తెల్లచీర కనబడుతుందని చెప్పుకునేవారు. పలకదు, అరవదు. ఊరికే నిలబడుతుంది.

అరిచే దెయ్యాన్ని నమ్మొచ్చు గానీ ఊరికే నిలబడే దెయ్యాన్ని నమ్మరాదని మా పెద్దలు అనేవారు.

ఆ బాటనే త్రిపురారం గౌరయ్య ఒంటరిగా అత్తగారింటికి బయలుదేరాడు. పెళ్లాన్ని తెచ్చుకోవడానికి.

గౌరయ్య మంచివాడే. కానీ నవ్వు అన్నది ఆ ముఖం మీదికి ఎన్నడూ రాలేదు. పెళ్లైన కొత్తలో మొదటిసారి వచ్చినప్పుడు బామ్మర్దులు పాపయ్య, రామనర్సయ్య కొత్త అల్లుడికి చేయవలసిన మర్యాదలన్నీ చేశారు. పాయసంలో ఉప్పు పోశారు. చెప్పులు గడ్డివాములో దాచారు. నులక విప్పేసిన మంచం మీద దుప్పటి పరిచి, కూర్చో బావా అన్నారు. గౌరయ్య మంచంలోంచి కిందికి జారి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కున్నాడు. వాకిలి నిండా ఉన్న జనం నవ్వారు. గుమ్మంలో నిలబడి పెళ్లాం సోమమ్మ కూడా నవ్వింది. అతను లేచి, అలిగి, వట్టికాళ్లతో ఊరు దాటిపోయాడు.

ఆరు నెలలు గడిచాయి. పిలవడానికి పోయిన పెద్దమనిషితో సోమమ్మ ఒకటే మాట చెప్పి పంపింది. "పరాచికానికీ పగకీ తేడా తెలిసినాక రమ్మనండి. అప్పుడొస్తా. మళ్లీ అలిగిపోతే ఇక రానేరాను."

నాయనమ్మ కొమురమ్మ మనవణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "సూడు బిడ్డా, పోరగాండ్లు జేస్తే దాన్ని కొంటెతనం అంటరు. బజార్ల ఎవడో జేస్తే ఆకతాయితనం, వాన్ని తన్నొచ్చు. బామ్మర్ది జేస్తే అది మస్కిరి. మస్కిరికి అలగొద్దు, మల్ల మస్కిరే జేయాలె. గది రాకపోతే పెండ్లాం రాదు."

గౌరయ్య వస్తున్నానని కబురంపి, ఆ పాఠాన్ని వల్లెవేసుకుంటూ కోదాడలో మోటారు దిగాడు. అక్కడ తెలిసిన బండివాడు దావీదు అతని చెవిలో ఒక మాట వేశాడు. "నాకా కాడ జర పైలం. నీ బామ్మర్దులు తెల్లచీర కట్టి నిన్ను బెదిరిస్తరంట."

అందుకే పల్లికాయ మూట నెత్తిన పెట్టుకుని, చీకటి పడ్డాక నాకా దగ్గరికి వచ్చేసరికి అతను సిద్ధంగానే ఉన్నాడు.

తెల్లచీర… స్తంభం పక్కన… నిజంగానే ఉంది.

తెల్లచీర అతన్ని చూసి చప్పున ముసుగు దించుకుని స్తంభం చాటుకు జరిగింది.

"ఏం బామ్మర్దీ," అన్నాడు గౌరయ్య గొంతు సవరించుకుని, "చీర మంచిగనే కుదిరింది."

తెల్లచీర స్తంభానికి ఇంకా దగ్గరగా ఒదిగింది.

గౌరయ్య స్తంభం చుట్టూ తిరిగాడు. తెల్లచీర కూడా తిరిగింది. ఇద్దరూ మూడు ప్రదక్షిణలు చేశారు. నాలుగోసారి అతను ఉల్టా తిరిగి ఎదురు వచ్చేసరికి, అది ముసుగు గడ్డం దాకా లాక్కుని గోడ వైపు ముఖం తిప్పుకుంది.

"గంత సిగ్గేంది? మీసం కనబడతదనా?" అని వీపు మీద ఫట్టున చరిచాడు.

లోపల్నుంచి ఒక్క మూలుగు… అంతే.

గౌరయ్యకు హుషారొచ్చింది. మూట తీసి దాని నెత్తిన పెట్టాడు. "నడువు," అన్నాడు. అది నడిచింది. ఊరిదాకా అతను వెనకాల కర్రతో అదిలిస్తూనే ఉన్నాడు. "మీ అమ్మ ఇంట్లనే ఉన్నదా? ఆమె వండిన చాపలపులుసు తింటే మూడొద్దులు నోరు సక్కగ కాలేదు."

తెల్లచీర ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకా వడిగా నడిచింది. గౌరయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పకపకా నవ్వాడు. ఆ చీకట్లో ఆ నవ్వు విని అతనికే భయమేసింది.

అత్తగారి వాకిట్లో అడుగుపెట్టగానే పశువుల కొట్టంలోంచి తలుపు బాదిన చప్పుడు. "బావా, కాస్త గొళ్లెం తీయవా. మా అమ్మ మమ్మల్ని ఇందులో పెట్టేసింది."

పాపయ్య గొంతు. వెనకే రామనర్సయ్య గొంతు. ఇద్దరూ లోపలే ఉన్నారు.

గౌరయ్యకు మూడో బామ్మర్ది లేడు.

మరి… మూట మోసింది ఎవరు?

గౌరయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. తెల్లచీర మాత్రం తాపీగా మూట దించి, అరుగెక్కి, ఇంట్లోకి పోయి తలుపు చాటున నిలబడింది. దీపం పట్టుకుని సోమమ్మ ఎదురొచ్చింది.

"దెయ్యం," అన్నాడు గుసగుసగా, "మీ ఇంట్లకు పోయింది."

సోమమ్మ తలుపు చాటుకు వెళ్లి, చాలాసేపు అక్కడే ఉండి వచ్చింది. "దెయ్యం కాదు. మా అమ్మ. వీళ్లు మళ్లీ పరాచికాలాడితే మీరు మళ్లీ అలుగుతారని, నా కాపురం పోతుందని ఏడ్చింది. వీళ్లను కొట్టంలో పెట్టి, మీరు జడుసుకోకుండా తోడు తెద్దామని తనే నాకా దాకా వచ్చింది."

"మరి నోరు తెరిచి చెప్పొచ్చు కదా."

"అల్లుడితోనా?"

నిజమే. అల్లుడి ముందు అత్త నోరెత్తరాదు, ముఖం చూపరాదు. విధవరాలు గనుక తెల్లచీరే కట్టే అత్త బాలనర్సమ్మ ఆ మర్యాద కోసమే స్తంభం చుట్టూ మూడుసార్లు తిరిగింది. గౌరయ్య అరుగు మీద కూలబడ్డాడు. బామ్మర్దితో చేస్తే మస్కిరి. అత్తతో చేస్తే… దానికి ఏ ఊళ్లోనూ మాటే పుట్టలేదు. పెళ్లాం ఇక దక్కదని అతనికి ఏడుపొచ్చింది.

తలుపు చాటున చిన్నగా గొణుగుడు వినబడింది. సోమమ్మ విని చెప్పింది. "వీపు మీద చరిచింది కోపంతోనా, పరాచికానికా అని అడుగుతోంది."

"మస్కిరికే అని చెప్పు. నీ కాళ్లు మొక్కుత, మస్కిరికే."

తలుపు చాటున కిసుక్కున నవ్వు. సోమమ్మ కడుపు పట్టుకుని నేల మీద చతికిలబడింది. కొట్టంలో ఇద్దరూ ఎందుకో తెలియకుండానే నవ్వారు. గౌరయ్య కూడా నవ్వాడు. కన్నీళ్లు తుడుచుకుంటూ సోమమ్మ అంది, "కోడికూతకే పోదాం పదండి. ఇంకో పూట ఉంటే మా అమ్మను ఇంకేం చేస్తారో."

కోడి కూసింది. ఇంకా మసకచీకటే. గౌరయ్య సోమమ్మ బట్టలమూట పట్టుకుని ముందు నడిచాడు. నాకా దగ్గరికి వచ్చేసరికి…

స్తంభం పక్కన తెల్లచీర.

పాపం, సాగనంపడానికి ఇంత దూరం వచ్చింది అనుకున్నాడు. మూట కింద పెట్టి, తల వంచి, రెండు చేతులూ జోడించాడు. "తప్పైంది అత్తమ్మా. తెల్వక జేసిన. ఇంటికి పోండి."

సోమమ్మ అతని జబ్బ గట్టిగా పట్టుకుంది.

"అమ్మ మంచంలో ఉంది," అంది. "ఇప్పుడే కాళ్లకు మొక్కి వచ్చాను."

గౌరయ్య మెల్లగా తలెత్తాడు. అత్త అయితే ముఖం తిప్పుకోవాలి.

అది తిప్పుకోలేదు. అతన్నే చూస్తూ వంగి, మూట నెత్తికెత్తుకుంది.

"నడువు బావా," అంది.