ముప్ఫై మీటర్ల దగ్గర ఆగిన గీత

"ఒక గ్లాసు తగ్గియ్యి" అంది శారద మూడోసారి.

పూజ విననట్టే బియ్యం కడుగుతోంది. శారద వచ్చి గిన్నెలోంచి గ్లాసెడు బియ్యం తడితడిగానే తీసి పళ్ళెంలో పోసింది. పూజ ఆ పళ్ళేన్ని ఎత్తి మళ్ళీ గిన్నెలోకి వంచింది.

"నలుగురికి వండుతున్ననే అమ్మా."

"ఇంట్ల ముగ్గురమే ఉన్నం."

"పదకొండింటికి ఆయన వస్తుండు. అన్నం యాళ్లకు వచ్చిన మనిషిని తినకుండ పంపుతమా?"

"కాయిదాలు ఇయ్యనీకి వస్తుండు. ఇచ్చి పోతడు. పోస్ట్‌మన్‌కు అన్నం పెడ్తమా మనం?"

"ముందటేడు ఎండకాలం పెట్టినవ్ గద. మామిడికాయ పప్పేసి మరీ పెట్టినవ్."

శారదకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఈ ఇంట్లో ఏడాదిగా నవ్వులన్నీ అక్కడిదాకా వచ్చి ఆగిపోతున్నాయి.

వరండాలో పూజ తండ్రి నర్సింలు విత్తనం అల్లం ఏరుతున్నాడు. కుళ్ళిన కొమ్ములు విరిచి పక్కన పడేస్తూ, తలెత్తకుండానే అన్నాడు. "జర లొల్లి బంద్ చెయ్యిన్రి. నలుగురికే వండు బిడ్డా."

వస్తున్నది పూజ భర్త అఖిలేష్. నర్సింలుకు సొంత చెల్లెలి కొడుకు కూడా. జహీరాబాద్‌లోనే, నడిచివస్తే ఇరవై నిమిషాల దూరంలో, బైపాస్ పక్క కాలనీలో ఉంటాడు. అయినా ఈ గడప తొక్కి ఏడాది కావస్తోంది.

పోయిన ఏప్రిల్‌లో అఖిలేష్, పూజ తమ్ముడు ప్రణయ్ కలిసి సెలవు పెట్టి అండమాన్ వెళ్ళారు. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగే స్కూబా డైవింగ్ అంటే బావా బామ్మర్దులిద్దరికీ పిచ్చి. అంతకుముందు రెండుసార్లు వెళ్ళి నేర్చుకున్నారు, సర్టిఫికెట్లు తెచ్చుకుని ఇంట్లో అందరికీ చూపించారు. మూడోసారి లోతైన చోట జంటగా దిగారు. అఖిలేష్ పైకి వచ్చాడు. ఇరవై ఆరేళ్ళ ప్రణయ్‌ను పైకి తెచ్చారు.

"నీళ్లు గుంజుకపోయినయ్" అని చెప్పాడు అఖిలేష్. అంతకు మించి ఎవరెంత అడిగినా నోరు విప్పలేదు. దినాలు అయిన మర్నాడు శారద కూతుర్ని తన దగ్గరే ఉంచేసుకుంది. "నా కొడుకును ఆడ ఇడిసిపెట్టి వచ్చినోని ఇంట్ల నా బిడ్డ ఉండదు. పోతనంటే ఇద్దరూ లేరనుకుంట" అంది. ఆ రోజు అమ్మను చూసి పూజ అడుగు బయట పెట్టలేకపోయింది. వారం రోజుల్లో ప్రణయ్ సంవత్సరీకం. అది అయ్యాక ఆమె ఎక్కడ ఉంటుందనేది ఎవరూ నోరు తెరిచి అడగలేదు. అందరూ దాని గురించే ఆలోచిస్తున్నారు.

అఖిలేష్ చెప్పిన టైముకే వచ్చాడు. బండి దిగి గేటు దగ్గరే నిలబడ్డాడు. చొక్కా భుజాల మీద వదులుగా వేలాడుతోంది.

"ఆడ్నే నిలవడ్డవేందిరా. లోపటికి రా" అన్నాడు నర్సింలు.

వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. శారద వంటింటి గుమ్మం దాటలేదు. పూజ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. అతను తాగలేదు.

"అండమాన్ పోలీసోళ్లు కేసు మూసేసిన్రు మామా. ప్రణయ్ సామాన్లు పంపిన్రు" అని ఒక కవరు అందించాడు.

అందులో చేతికి కట్టుకునే మీటరు ఉంది, పెద్ద గడియారంలా. దాంతోపాటు ఒక కాగితం. ఆ మీటరు మనిషి ఏ నిమిషానికి ఎంత లోతులో ఉన్నాడో రాసుకుంటుంది. ఇద్దరి మీటర్లలో ఉన్నదీ తీసి, రెండు గీతలుగా ఒకే కాగితం మీద అచ్చువేసి పంపారు.

నర్సింలు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "గిది ఎవలది?"

"నల్లది ప్రణయ్‌ది. నీలం నాది."

మట్టి అంటిన వేలితో నర్సింలు గీతల వెంట పోయాడు. రెండూ పక్కపక్కనే కిందికి దిగాయి. ముప్ఫై మీటర్ల దగ్గర నీలం గీత ఆగి, సాపుగా పక్కకు సాగింది. నల్లగీత ఒక్కటే నలభై ఎనిమిది దాకా దిగిపోయింది.

"నీళ్లు గుంజితే ఇద్దర్ని గుంజాలె గదరా" అన్నాడు మెల్లగా. "నీది ఈడ్నే ఎందుకు ఆగింది?"



"అడుగు. ఏడాది సంది నేనదే అడుగుతున్న" అంది శారద గుమ్మంలోంచి. "ఇయ్యాల కాయిదమే చెప్పవట్టె."

"నీళ్లు గుంజలేదు మామా" అన్నాడు అఖిలేష్. "అబద్ధం చెప్పిన."

పూజ గోడకు ఆనుకుంది.

"కింద తెల్లటి ఇసుక కనవడ్డది. అంత లోతుకు పోతె మత్తెక్కుతది, కల్లు తాగినట్టు. ఆ సంగతి మాకు ముందుగాల్నే చెప్పిన్రు. వాడు నా దిక్కు చూసి, చిన్నప్పుడు బాయిల అడుగు మన్ను తెచ్చినట్టు, పిడికిలి చూపెట్టిండు. ఇగో, ఇట్ల." పిడికిలి బిగించి చూపించాడు. "నేను బొటనవేలు మీదికి చూపెట్టిన. ఆ సైగ ఎవలు చేసినా ఇద్దరూ పైకి పోవాలె. ఎందుకని అడగొద్దు. వాడు దిగిండు."

"నువ్వేం చేసినవ్?" అంది పూజ.

"మేము దిగిన తాడు పట్టుకోని లెక్కవెట్టిన."

"ఏం లెక్క?"

"ఒకటి, రెండు, మూడు. బాయిల పెట్టినట్టె. ఎప్పుడైనా అరవై లోపల వచ్చేటోడు గద. అరవై అయింది, నూరయింది. నాకు భయం కాలే. నాకు గూడ మత్తెక్కిందో ఏమో, సరిగ్గనే చేస్తున్న అనుకున్న. నూట ఎనభై దాక పెట్టిన. అప్పుడు మా ఎనక దిగిన గైడ్ వచ్చి భుజం పట్టి ఊపిండు, వాడేడని."

"ఎనక పోవద్దా?" అంది శారద. "చేతులు లేవా నీకు?"

"వాడు కదలంగనే పట్టుకోవాలె అత్తా. రెండు మూరల దూరమే ఉండె. జంటగ దిగితే చెయ్యి చాపితే అందేటట్టు ఉండాలె. మాకు నేర్పిన మొదటి ముచ్చట అదే. చదివిన, సంతకం గూడ పెట్టిన. ఆడికి పోయినంక అది యాదికి రాలే. లెక్కనే యాదికొచ్చింది."

నర్సింలు కాగితం ఒళ్ళో పెట్టుకుని కళ్ళద్దాలు తీశాడు. న్యాల్‌కల్ చేను దగ్గరి బావిలో ఆ ఇద్దరికీ ఈత నేర్పింది తనే. అడుగుకు మునిగి పిడికెడు మన్ను తెస్తే గెలిచినట్టు. దానికో కట్టుబాటు పెట్టాడు. ఒకడు మునిగితే రెండోవాడు గట్టు మీదే ఉండాలి. అరవై దాకా లెక్కపెట్టాలి, రాకపోతే పెద్దవాళ్ళను పిలవాలి. ఎనకాలే దూకితే ఇద్దరూ పోతారని వంద సార్లు చెప్పాడు.

"లెక్కవెట్టమన్నది నేనే" అన్నాడు.

"ఏందీ?" అంది శారద.

"ఒకసారి ముప్ఫై గాకముందే వాని ఎంట దూకిండని ఈన్ని చింత బరిగెతోని కొట్టిన. పన్నెండేండ్ల పిలగాన్ని. నువ్వే ఈపుకు ఎన్న రాసినవ్. యాదికున్నదా?"

గుర్తుందని శారద మొహమే చెబుతోంది.

పూజ భర్త దగ్గరికి వచ్చి నిలబడింది. "నాకు గూడ చెప్పకుండ ఏడాది ఎట్లున్నవ్?"

"నీకు చెప్తే మామకు తెలుస్తది." అఖిలేష్ నేల చూపులు చూస్తూ అన్నాడు. "లెక్క ఎవలు నేర్పిన్రో మామకు తెల్వదా? నా మీద కోపం ఉంటే బతుకుతడు. గిది తెలిస్తే ఎట్ల బతుకుతడు? ఈ కాయిదం గూడ చింపేద్దామనుకున్న. పంపుతున్నమని పోలీసోళ్లు మీకు ఫోన్ చేసిన్రంట. ఇగ దాచలేకపోయిన."

నర్సింలు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ చేతుల మట్టి చెంపలకు అంటుకుంది. ఏడుపు చప్పుడు కాలేదు. భుజాలు మాత్రం కదిలాయి. అఖిలేష్ లేచి ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడ్డాడు. కానీ చేయి వేయడానికి ధైర్యం చాలలేదు.

శారద గుమ్మం దిగి వచ్చి, ఇద్దరికీ దూరంగా, అల్లం కుప్ప అవతల నేల మీద కూర్చుంది.

"ఏడాది సంది వీన్ని తిట్టుకుంటనే పొద్దున లేస్తున్న" అంది. "ఆ తిట్టుతోనే పొయ్యి ముట్టిస్తున్న. ఇప్పుడు ఈయన్ని తిట్టలేను. వీన్ని తిట్టబోతే ఆ ఈపు మీద వాతలు కనవడతయి. ఇగ నేనెవల్ని తిట్టాలె? దేన్ని పట్టుకోని లేవాలె రేపటి సంది?"

రోడ్డు మీద లారీల రొద వినిపిస్తోంది. శారద కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొడుకు పోయిన రోజున కూడా అలా ఏడవలేదు.

పూజ తల్లి పక్కన కూర్చుని, ఆమె ఏడుపు తగ్గేదాకా వీపు నిమిరింది. తరువాత ముగ్గురికీ వినబడేటట్టు చెప్పింది.

"తమ్ముని సంవత్సరీకం అయిన మర్నాడు నేను మా ఇంటికి పోత."

శారద తలెత్తింది. "నేనేమన్ననో యాదికున్నది గద."

"ఉన్నదమ్మా. నువ్వు నన్ను లేదనుకున్నా నేను వస్తనే ఉంట. తలుపు తియ్యకపోతే గేటుకాడ కూసుంట."

"అంటే వీన్ని మాఫ్ చేసినవ్."

"లేదు" అంది పూజ. అఖిలేష్ వైపు చూసే అంది. "నా తమ్ముడు రెండు మూరల దూరంల ఉండె. అది నేను మాఫ్ చెయ్యలేను, ఎప్పటికి చేస్తనో గూడ తెల్వదు. కానీ ఈయన ఒక్కడే ఉంటే లెక్కవెడ్తనే ఉంటడు. అందుకే పోత."