పదకొండో ముక్క

ఆపరేషన్ థియేటర్‌లో గుడ్డలు లెక్కపెట్టడం నా పని. వనపర్తిలో ఒకే నర్సింగ్‌హోమ్‌లో పదిహేనేళ్లుగా చేస్తున్నాను. పొట్ట కోసినప్పుడు నెత్తురు అద్దడానికి మందపాటి గుడ్డలు వాడతాం, వాటిని మాప్స్ అంటాం. లోపలికి పది వెళ్తే బయటికి పది రావాలి. కుట్లు వేసే ముందు నేను పైకి లెక్కపెడతాను, ఇంకొకరు ఆ అంకెను తిరిగి చెప్తారు, కాగితం మీద నేను సంతకం పెడతాను.

వినడానికి తేలికే. కానీ ఒక్కోసారి మధ్యలో గుడ్డలు తక్కువ పడతాయి. కొత్త కట్ట ఇంకా స్టెరిలైజర్‌లో ఉడికి ఉండదు. పెద్ద డాక్టర్ చేయి చాపి అరుస్తుంటాడు. అప్పుడు ఉన్నదాన్నే కత్తెరతో రెండు చేస్తాం. చేయకూడదు. నర్సు చదువులో మొదటి నెలలోనే చెప్పారు. అయినా చేస్తాం, అలవాటైపోయింది.

మొన్న ఆదివారం ఆపరేషన్లేమీ లేవు. మధ్యాహ్నం డాక్టర్ తేజస్విని వచ్చింది. ఆపరేషన్ల తర్వాత వచ్చే ఇబ్బందుల మీద పరిశోధన చేస్తోంది ఆ అమ్మాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో పాత కేసుషీట్లు తిరగేసి, ఆ ఇళ్లకు కూడా పోయి మాట్లాడి వస్తోంది. నా ముందు ఒక షీటు పెట్టింది.

"సిస్టర్, ఈమె యాదికున్నదా? బాలనాగమ్మ, వీపనగండ్ల. గర్భసంచి ఆపరేషన్. ఆరేండ్లైంది."

గుర్తుంది. "శానమంది వస్తరు మేడమ్," అన్నాను.

"మూడు నెలలకు కడుపునొప్పి, జరం. హైదరాబాద్ తీస్కపోతుంటే తొవ్వల్నే పోయింది. మొన్న ఆమె పెనిమిటి బక్కయ్యను కలిసిన. నేనే సంపుకున్న అంటుండు. నెల తిరగకముందే పల్లిచేన్ల కలుపుకు తోల్కపోయిండంట. అందుకే లోపల కుట్లు తెగినయని మీ పెద్ద డాక్టర్ చెప్పిండంట. ఆరేండ్ల సంది ఆ చేను బీడు పెట్టిండు."

నేను ఆమె మొహం కేసి చూడలేకపోయాను. షీటు కింద నా సంతకం ఉంది. లోపలికి పది, బయటికి పది, సరి.

"లెక్క సరిగనే ఉండెనా సిస్టర్?"

"సరిగనే ఉండె."

నిజం ఇక్కడ చెప్తాను. ఆ రోజు ఒక గుడ్డను కత్తిరించాను. పది గుడ్డలు పదకొండు ముక్కలయ్యాయి. చివర పది ముక్కలు బయటికొచ్చాయి. కత్తిరించిన సంగతి ఆ హడావిడిలో మరిచి పది అని లెక్కపెట్టాను, పది అని రాశాను. గంట తర్వాత ఉతికేటప్పుడు చూస్తే తొమ్మిది నిండు గుడ్డలు, ఒక సగం ఉన్నాయి. రెండో సగం లేదు. అప్పటికి ఆమెను వార్డుకు మార్చేశారు, పెద్ద డాక్టర్ ఇంకో కేసులో ఉన్నాడు. ఉద్యోగం పోతుందని భయమేసింది. రేపు చెప్దామనుకున్నాను. మర్నాడు కూడా చెప్పలేదు.

"ఎట్ల లెక్కపెడ్తరో జర చేసి చూపిస్తరా? రికార్డ్ చేస్కుంట," అంది తేజస్విని.

థియేటర్ తలుపు తీశాను. కిటికీ అద్దాలకు తెల్లరంగు పూసి ఉంటుంది, బయట ఎండ మండుతున్నా లోపల మసక. ఫినాయిలు, స్పిరిటు, ఉడికిన గుడ్డల వాసన. మూలన నెత్తురు పీల్చే సక్షన్ మిషను ఖాళీ సీసాతో ఉంది. చేతులు కడుక్కునే చోట కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. తేజస్విని ఫోన్ ట్రాలీ మీద పెట్టింది. నేను ఒక కట్ట విప్పి, ఒక్కో గుడ్డ బకెట్‌లో వేస్తూ మొదలుపెట్టాను.

"ఒకటి."

"ఒకటి," అంది తేజస్విని.

"రెండు."

"రెండు."

నాలుగో గుడ్డ దగ్గర అనుమానం వచ్చింది. మా ఇద్దరి తర్వాత ఇంకెవరో కూడా అంటున్నారు. చాలా మెల్లగా. గదిలో మా మాటే తిరిగి వినబడుతోందిలే అనుకున్నాను. ఐదు... ఆరు... కానీ ఆ గొంతు ఒక్కో అంకెకు ఆగి ఊపిరి తీసుకుంటోంది, మత్తు దిగుతున్న మనిషిలా. తేజస్విని తలవంచి ఏదో రాసుకుంటోంది. ఆమెకు వినబడటం లేదు.

ఎనిమిది. వాసన మారింది. తడి మట్టి, పచ్చి పల్లికాయ... దాని కింద చీము వాసన.

తొమ్మిది.

పది.

"పది," అంది తేజస్విని. "అయిపోయినట్టేనా?"

"పదకొండు."

ఆపరేషన్ బల్ల వైపు నుంచి వచ్చింది ఆ మాట. బల్ల మీద ఎవరూ లేరు.

బకెట్‌లో చెయ్యి పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. పొడి గుడ్డల అడుగున ఒకటి తడిగా తగిలింది. వెచ్చగా ఉంది. సగమే ఉంది. అంచు వంకరగా తెగి ఉంది... నాది ఎడమచేతి వాటం, నా కత్తెర ఎప్పుడూ అలాగే పోతుంది.

నేల మీద కూలబడ్డాను.

"మేడమ్, నేను కోసిన. ఒకదాన్ని రెండు చేసిన. సగం ఆమె కడుపులనే ఉండిపోయింది. నాకు తెలుసు, చెప్పలే. బక్కయ్య తప్పేం లేదు."

ఏడుస్తూ అంతా చెప్పాను. ఫోన్ రికార్డు చేస్తూనే ఉంది. చెప్తున్నకొద్దీ ఆ వాసన తగ్గిపోయింది. తేజస్విని బకెట్ బోర్లించి చూసింది. పది గుడ్డలు. అన్నీ పొడివి.

ఒక్కో గుడ్డా తిరిగి బకెట్‌లో వేసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఇంకెవరికన్న గిట్ల అయిందా సిస్టర్?"

అప్పుడే చెప్పాల్సింది.

"లేదు మేడమ్. ఆ ఒక్కనాడే కత్తిరించిన," అన్నాను.

రికార్డింగ్‌ను బక్కయ్యకు పంపమని నేనే అడిగాను. నా నోటి నుంచే వినాలి, ఆయన గుండెల మీది బరువు దిగాలి. నిజంగానే అలా కోరుకున్నాను. తేజస్విని నా ఎదుటే పంపింది, నా నంబరు కూడా ఇచ్చింది. మొత్తం తొమ్మిది నిమిషాలు.

దీపాలు పెట్టే వేళకు, నేను పొయ్యి మీద అన్నం పెట్టినప్పుడు, ఫోన్ మోగింది.

"సిస్టరమ్మా, నేను బక్కయ్యను. వీపనగండ్ల."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఇన్న. నా తప్పు కాదన్నవ్. ఇన్నేండ్లకన్న చెప్పినవ్. గని మీ ఇద్దరి ఎనక ఇంకొక గొంతు ఉన్నది. అది మా బాలనాగమ్మది. నాకు తెల్వదా?"

నేను పొయ్యి ఆపేశాను.

"రికార్డు పెట్టి గంటైంది. మీ మాటలు ఎప్పుడో ఒడిసినయ్. ఆమె మాత్రం ఆపుతలేదు. పదకొండుకు ఆగుతదనుకున్న... ఇంకెవ్వరివి లెక్కపెడుతున్నది, సిస్టరమ్మా?"

లెక్కపెట్టడం నా పని. ఈ పదిహేనేళ్లలో ఎన్నిసార్లు కత్తిరించానో మాత్రం నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

ఫోన్ పెట్టేద్దామన్నా చెయ్యి రాలేదు. ఆయన వెనక, దూరంగా, ఆయాసపడుతూ ఒక ఆడగొంతు వినబడింది.

"ఇరవై మూడు," అంది. ఊపిరి తీసుకుంది.

"ఇరవై నాలుగు..."