ఏడుగురి పేర ఒకే రక్తం

పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే కార్ఖానాలో నర్సమ్మకి ఒక గది ఇచ్చారు. ఒకప్పుడు అందులో విలువైన సామాను దాచేవారట. అందుకే దానికి కిటికీ లేదు. తలుపు మాత్రం ఇనుపది, భుజం ఆనించి తోస్తేగాని కదలదు. "కొలిమి మోత వినపడదు, దుమ్ము రాదు, ఇంతకంటే మంచి గది ఎక్కడ దొరుకుతుందమ్మా?" అన్నాడు మేనేజరు. నిజమే, మంచి గదే. ఒక మంచం, మందుల బీరువా, బల్ల, గోడవారగా ఒక చెక్క బెంచీ. నర్సమ్మ దాన్ని అద్దంలా ఉంచుకునేది.

మూడు నెలలకోసారి కొలిమివాళ్ళ రక్తం తీసి ల్యాబుకి పంపడం ఆమె పని. ఒంట్లో సీసం పెరిగిందని రిపోర్టు వస్తే ఆ మనిషిని ఇంటికి పంపేస్తారు. నయమయ్యేదాకా పని ఉండదు. అందుకని రక్తం తీసే రోజు వచ్చిందంటే చాలు, కొండల్ని పిండి చేసే ఏడుగురు మగాళ్ళూ పరీక్షకి చదవని పిల్లల్లా వచ్చి ఆ బెంచీ మీద వరసగా కూర్చునేవాళ్ళు. మొదట బతిమాలింది పొడుగాయన. ముగ్గురు పిల్లలు, అద్దె ఇల్లు, మంచాన పడ్డ తల్లి అంటూ ఏకరువు పెట్టాడు. నర్సమ్మ మనసు వెన్నముద్ద. ఆమె కొలిమి ఛాయలకే పోదు గనక ఆమె రక్తం శుభ్రం. సూది తన మోచేతికే గుచ్చుకుని, ఏడు ట్యూబులు నింపి, ఒక్కోదాని మీద ఒక్కొక్కడి పేరు అంటించేసింది. ఒకసారి చేసింది. ఇంకోసారి చేసింది. ఆ తర్వాత అదే ఆనవాయితీ అయిపోయింది.

"కాయితాల ప్రకారం మనమంతా కవల పిల్లలంరా," అనేవాడు పొడుగాయన. "అందరి ఒంట్లోనూ నర్సమ్మ రక్తమే!"

అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. నవ్వుతూ చెమట తలలు వెనక్కి వాల్చి గోడకి ఆనించేవాళ్ళు. ఆ వరసలో చివర కూర్చునేవాడు ఆమె సొంత తమ్ముడు. వాణ్ణి ఆ పనిలో పెట్టించింది కూడా ఆమే.

ఏడాది తిరిగేసరికి పొడుగాయన పోయాడు. ఊపిరితిత్తుల్లో బూజు అన్నారు. తర్వాత ఇంకొకడు, ఆ తర్వాత మరొకడు. ముగ్గురికీ అదే. ఎవరికీ కారణం అంతుపట్టలేదు, ఎందుకంటే ముగ్గురి రక్తం రిపోర్టులూ తెల్ల కాగితమంత శుభ్రంగా ఉన్నాయి. నర్సమ్మ ఏడ్చింది, పాడెల వెనక నడిచింది. నోరు మాత్రం విప్పలేదు. ఉద్యోగం పోతుందనే భయం కొంత. జైలు భయం కొంత. అన్నిటికంటే, పోయినవాళ్ళ పిల్లల మొహాలు ఎలా చూడాలన్న భయం ఎక్కువ.

ఇప్పుడు తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం డాక్టరు ఆమెని పక్కకి పిలిచాడు. "చూడమ్మా, ఈ బూజు కొత్తదేమీ కాదు. గాల్లోనే ఉంటుంది. నువ్వూ నేనూ రోజూ పీలుస్తూనే ఉంటాం. ఒంట్లో కాపలా ఉండే కణాలు దాన్ని ఎప్పటికప్పుడు మింగేస్తాయి. సీసం లాంటి లోహాలు రక్తంలో చేరితే ఆ కాపలా నిద్రపోతుంది. బూజుకి ఇల్లు దొరికినట్టే. మీవాడిది సీసం పని కదా అని మొదట అదే అనుమానించాను. కానీ కార్ఖానా రిపోర్టుల్లో సీసం లేదు, మళ్ళీ పరీక్ష చేయించే వ్యవధీ లేదు. కాబట్టి ఇది ఎలర్జీ కింద లెక్క. సాయంత్రం ఐదింటికి స్టెరాయిడ్ పెద్ద డోసు మొదలుపెడతాను."

"పెడితే తగ్గుతుందా డాక్టరుగారూ?"

"ఎలర్జీ అయితే తగ్గుతుంది. ఒంట్లో సీసమే గనక ఉంటే, మిగిలిన ఆ కాస్త కాపలానీ మన చేతులతో మనమే చంపినట్టు. రాత్రి దాటడు. అందుకే మళ్ళీ అడుగుతున్నా. రిపోర్టులు సరైనవేనా?"

"సరైనవేనండీ," అంది నర్సమ్మ.

అనేశాక గాని తెలియలేదు ఏమందో. అలవాటైన అబద్ధం, దానంతటదే వచ్చేసింది. డాక్టరు వెళ్ళిపోయాడు. వెనకే గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది.

నోటితో చెప్పలేకపోతే కాగితంతో చెప్పాలనుకుంది. పోయిన చలికాలంలో మనసు ఆగక, ఒక్కసారి తమ్ముడి అసలు రక్తాన్ని తన పేరు మీద ల్యాబుకి పంపింది. ఉండదగినదానికి ఆరింతలు సీసం ఉందని వచ్చింది. దాని మీద తన పేరు కొట్టేసి తమ్ముడి పేరు రాసిపెట్టుకుంది. ఆ కాగితం ఆమె గదిలో, మందుల బీరువా అడుగు అరలో ఉంది. దాన్ని తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టేస్తే చాలు, మాటలతో పని లేదు.

"అక్కా, వెళ్ళకే," అన్నాడు తమ్ముడు మాస్కు లోంచి.

"గంటలో వచ్చేస్తాన్రా. నాలుగున్నరకల్లా నీ పక్కనుంటా."

సెలవు రోజు కావడంతో కార్ఖానా నిశ్శబ్దంగా ఉంది. కాపలా తాత కంట పడితే ఎందుకొచ్చావని అడుగుతాడని వెనక గేటు నుంచి వెళ్ళింది. ఇనుప తలుపుని భుజంతో నెట్టి లోపలికి దూరి, వెలుగు బయటికి కనపడకుండా మళ్ళీ దగ్గరగా వేసింది. లైటు వేసింది.

వాసన వేసింది. తడి గోనెసంచీ వాసన. దాని వెనకాల ఇంకేదో… తీయగా, కుళ్ళిన పండులా.

కాగితం ఉన్నచోటే ఉంది. దాన్ని మడిచి రవికలో పెట్టుకుని వెనక్కి తిరిగింది. అప్పుడు చూసింది గోడని.

బెంచీ పైన ఏడు మరకలున్నాయి. ఏడుగురూ తలలు ఆనించిన చోట్ల. చెమటా నూనే అంటి మసకగా ఉండే మరకలు ఆమె ఎరగనివి కావు, ఎన్నోసార్లు సబ్బునీళ్ళతో తుడిచింది కూడా. ఇప్పుడవి మరకలు కావు. నల్లగా, దట్టంగా, నూగుతో ఉన్నాయి. అన్నిటికంటే ఎత్తున ఉన్నది పొడుగాయనది. పోయిన ముగ్గురివీ బొగ్గులా ఉన్నాయి. బతికున్న మిగతా ముగ్గురివి బూడిద రంగు. చివర తమ్ముడిది… మధ్యలో నల్లబడుతూ ఉంది.

చల్లగాలి తగిలిన ఒంటి మీది వెంట్రుకల్లా ఆ నూగు ఒక్కసారి లేచి పడుకుంది.

ఎవరో దగ్గారు.

నర్సమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. దగ్గు గోడలోంచి వచ్చిందో, తన గొంతులోంచే వచ్చిందో అర్థం కాలేదు. తలుపు వైపు నడవబోయింది. సరిగ్గా అప్పుడే బయటి నుంచి తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

టక్. టక్. టక్.

కాపలా తాత! సెలవు రోజుల్లో నాలుగింటికి ఆయన అన్ని తలుపులకీ బయటి నుంచి ఇనుప అడ్డగడ వేస్తాడు. వేసేముందు మూడుసార్లు తట్టి, లోపల ఎవరన్నా ఉన్నారా అని అడుగుతాడు. ఎప్పుడో ఒక కూలీని లోపల పెట్టి తాళం వేసేశారట, అప్పటి నుంచి ఆ పద్ధతి. తట్టకుండా గడ వేసిన రోజు లేదు ఆయన జన్మలో.

"లోపల ఎవరన్నా ఉన్నారా?"

నర్సమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలి? ఒక్క క్షణమే. తర్వాత నోరు తెరిచింది.

"ఎవరూ లేరు తాతా. నేను ఇప్పుడే బయటికొచ్చేశా."

ఆ మాట అన్నది ఆమె కాదు.

గొంతు మాత్రం ఆమెదే. తలుపుకి అవతల నుంచి వచ్చింది.

"నువ్వా నర్సమ్మా! వచ్చినట్టే తెలియలేదే. తమ్ముడికెలా ఉంది?"

"బాగానే ఉంది తాతా. ఏం భయం లేదన్నారు. గడ వేసెయ్."

"తాతా!" అని అరవబోయింది నర్సమ్మ. దగ్గొచ్చింది. పేగులు మెలిపెట్టే దగ్గు. అది తెరిపినిచ్చేలోపు గడ పడిన చప్పుడైంది. ఆ తర్వాత అడుగులు… రెండు జతలు. ఒకటి తాత కర్రచెప్పులు. రెండోది తేలిగ్గా, తొందరగా, ఆసుపత్రికి ఆలస్యమవుతున్న మనిషి నడకలా.

ఆ అడుగులు దూరమయ్యాక గాని ఆమెకి ఊపిరి చిక్కలేదు. తలుపు బాదింది. అరచేతులు కమిలిపోయేలా బాదింది. మందపాటి ఇనుము. చెప్పుతో కొట్టింది, స్టూలెత్తి కొట్టింది. గొంతు బొంగురుపోయింది. కొలిమి మోత లోపలికి రాని గది. లోపలి మోత గేటు దాకా ఎలా పోతుంది?

బల్ల మీది గడియారం నాలుగూ ఇరవై చూపించింది. ఇంజెక్షనుకి ఇంకా నలభై నిమిషాలు. తమ్ముడి ప్రాణం రవికలో మడతపెట్టి ఉంది. బయటికి పోయే దారే లేదు.

ఫోనులో సిగ్నల్ లేదు. ఎప్పుడూ ఉండదు. గోడ పైన, కప్పుకి జానెడు కింద, ఎప్పుడో గొట్టం తీసేసిన కన్నం ఒకటుంది. బెంచీ ఎక్కి, చెయ్యెత్తి ఫోను అక్కడ పెడితే ఒక గీత కనిపిస్తుంది.

ఆ కన్నం తమ్ముడి మరకకి సరిగ్గా పైన ఉంది.

చాలాసేపు నిలబడిపోయింది.  అంతలో తమ్ముడి మరక నలుపు అంచుల దాకా పాకడం కళ్ళారా చూసింది. దాంతో భయమంతా ఎటో పోయింది. బెంచీ ఎక్కింది. కన్నం అందాలంటే గోడకి పూర్తిగా అంటుకోవాల్సిందే. ఛాతీ, మెడ, చెంప. నూగు మెత్తగా ఉంది. వెచ్చగా ఉంది. ఊపిరి బిగబట్టింది. ఎంతసేపని బిగబడుతుంది? పీల్చింది. తీపి వాసన గొంతు దాకా దిగింది.

గీత రావడం, పోవడం. నంబరు కలవడం, తెగిపోవడం. చెయ్యి తిమ్మిరెక్కింది. చెంప కింద గోడ నెమ్మదిగా ఎగసి, నెమ్మదిగా దిగుతోంది. అది తమ్ముడి ఊపిరి లయే. చిన్నప్పుడు పక్కలో పడుకోబెట్టుకుని నిద్రపుచ్చిన ఊపిరి. ఆమెకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? అయ్యో నా తండ్రీ అని ఏడ్చింది.

ఐదుకి రెండు నిమిషాలుండగా ఫోను కలిసింది. స్పీకరు పెట్టింది.

"హలో?" డాక్టరు గొంతు.

"డాక్టరుగారూ… ఇంజెక్షను… ఆపండి… రిపోర్టులు తప్పు… వాడి ఒంట్లో సీసం…"

మధ్యలో దగ్గు. మాట కంటే దగ్గే ఎక్కువ.

"ఎవరండీ? సరిగా వినపడట్లేదు."

"నేను… వాళ్ళక్కని… నర్సుని…"

అవతల డాక్టరు గొంతు మారింది.

"ఎవరమ్మా నువ్వు? వేళాకోళంగా ఉందా? వాళ్ళక్క ఇక్కడే ఉంది, తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇప్పుడే ఇంకోసారి అడిగాను. సీసం లేదని ఒట్టేసి చెప్పింది."

"ఆవిడ… నేను కాదు… డాక్టరుగారూ…"

"ఎవరండీ ఫోన్లో?" దూరం నుంచి ఆమె గొంతే అడిగింది, ఎంతో నెమ్మదిగా.

"ఎవరో ఏమో. ఒకటే దగ్గు."

"ఇటివ్వండి, నేను మాట్లాడతా. పాపం, ఎవరో పేషెంటై ఉంటారు."

ఫోను చేతులు మారింది. చాలా దగ్గరగా, చెవిలో చెప్పినట్టు, సూది గుచ్చేముందు నర్సమ్మ ప్రతి మనిషితోనూ అనే మాట వినిపించింది.

"కళ్ళు మూసుకో. చిన్న చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

వెనకాల తమ్ముడు ఏదో అనబోయాడు. "అక్కా, ఇది…" అన్నంతవరకు వినిపించింది. లైను తెగిపోయింది.

చెంప కింద గోడ ఒకసారి ఎగిసింది. మళ్ళీ దిగలేదు.

నర్సమ్మ ఎత్తిన చెయ్యి దించలేదు. గడియారం ఐదు కొట్టింది. అప్పుడు ఆమె మోచేతి మడత దగ్గర సన్నగా చురుక్కుమంది. చూసుకుంది. ఎప్పుడూ సూది గుచ్చుకునే చోట చర్మం గుంటపడి ఉంది, గుచ్చుతున్నది మాత్రం కనిపించలేదు. రక్తం సన్నని ధారగా బయటికొచ్చి, కిందికి కారకుండా, ఏడింటిలో మొదటి ట్యూబులోకి ఎక్కుతున్నట్టు గాల్లో నిలబడి పైకి పెరుగుతోంది.