నలుపు అడుగున, ఎరుపు పైన

రామేశ్వర్ కంప్యూటర్ సెంటర్‌లో ఒకే ఒక్క చట్టం. చెప్పులు గుమ్మం బయట విడవాలి. లోపలికి దుమ్ము వస్తే మెషీన్లు పాడవుతాయని అతని భయం. తొంభైల్లో సిద్దిపేటకు ఏసీ గది కొత్త కాబట్టి, జనం గుళ్లోకి వచ్చినంత భక్తిగా వచ్చేవాళ్లు.

అలాంటి గదిలోకి జ్ఞానేశ్వరి ఒక గోనెసంచి ఈడ్చుకుంటూ వచ్చింది. చెప్పులు మాత్రం బుద్ధిగా బయటే విడిచింది. సంచి నిండా మట్టి కుండల పెంకులు.

"మేడం, దుమ్ము రావద్దనే చెప్పులు ఇడువమన్నది," అన్నాడు రామేశ్వర్.

"గిది దుమ్ము గాదు సార్. రెండువేల ఏండ్ల నాటి కుండలు."

"అంటే రెండువేల ఏండ్ల దుమ్మన్నట్టు."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. రామేశ్వర్ పని అక్కడే అయిపోయింది, పాపం.

ఆమెది నేతపని వాళ్ల ఇల్లు. ఎమ్మే హిస్టరీ చదివింది. చిన్నకోడూరు దాటాక ఒక పాటిగడ్డ మీద పాత ఊరి కోసం తవ్వకాలు జరుగుతుంటే, అక్కడ దొరికిన పెంకులకు సిరాతో నంబర్లు వేసే పనిలో చేరింది. గుంత లోతయ్యేకొద్దీ నంబరు పెరుగుతుంది. నంబరు, లోతు, రంగు కంప్యూటర్‌కు ఎక్కిస్తే ఏ కాలంలో ఎలాంటి కుండలు వాడారో గ్రాఫ్ గీసి చూపొచ్చు. హైదరాబాదు అధికారి సోమవారం వచ్చి ఆ గ్రాఫ్ చూస్తాడు. అందులో పస ఉందనిపిస్తే తవ్వకం ఇంకో ఏడాది నడుస్తుంది. లేదంటే గుంతలు పూడ్చేస్తారు.

రోజూ ఆమె చదివేది, అతను కొట్టేవాడు. నలుపుకు ఒకటి, ఎరుపుకు రెండు. కరెంటు పోతే కబుర్లు. కరెంటు రాకపోతే బాగుండునని ఒక కంప్యూటర్ మాస్టారు కోరుకోవడం జిల్లాలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

శుక్రవారం గ్రాఫ్ తయారైంది. చూసి జ్ఞానేశ్వరి కుర్చీలోంచి లేచి నిలబడింది. నల్ల కుండలు పాతకాలానివి, అడుగున ఉండాలి. గ్రాఫ్‌లో అవన్నీ పైపొరల్లో ఉన్నాయి. ఎర్రవి అడుగుకు చేరాయి. ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ చూడలేదంది. నల్లవి అడుగునే ఎక్కువ దొరికినట్టు తనకు గుర్తుంది గానీ, కంప్యూటర్ అబద్ధం చెప్పదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. సంతోషం పట్టలేక అతని చెయ్యి పట్టుకుని ఊపేసి బస్సుకు పరుగెత్తింది.

ఆ చేతిని చూసుకుంటూ రామేశ్వర్ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఊరికే షీటు తెరిచాడు. రంగుల కాలమ్ దగ్గర ఆగి మళ్లీ చూశాడు.

పొద్దున అంకెల వరుసలో సర్దేటప్పుడు రంగుల కాలమ్ ఒక్కటే ఎంచుకున్నాడు. రంగులు కదిలాయి, నంబర్లూ లోతులూ ఉన్నచోటే ఉన్నాయి. ఒకట్లన్నీ పైకి, రెండ్లన్నీ కిందికి. పైగా అలాగే సేవ్ చేశాడు, పాతది చెరిగిపోయింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఆ చెయ్యి మళ్లీ దొరకదు. ఈ రెండూ తూచుకుంటూనే అతను చిన్నకోడూరు బస్సెక్కాడు.

పాటిగడ్డ మీద వాన దంచుతోంది. టార్పాలిన్ కింద జ్ఞానేశ్వరి కూలీలకు గ్రాఫ్ గురించి ఉత్సాహంగా చెబుతోంది. తడిసి ముద్దయిన మనిషిని చూసి ఆశ్చర్యపోయి పక్కకు వచ్చింది.

"గా గ్రాఫ్ తప్పు," అన్నాడు. "కంప్యూటర్ది గాదు, నాది." జరిగిందంతా చెప్పాడు.

ఆమె ముఖంలో వెలుగు ఆరిపోవడం కళ్లారా చూశాడు.

"నువ్వు చెప్పకుంటే ఎవలకన్న తెలుస్తుండెనా?" అంది చివరికి.

"తెల్వకపోతుండె."

"మరెందుకు చెప్పినవ్?"

"సోమవారం నువ్వు అందరి ముంగట నిలవడి గిదే నిజమని చెప్తవ్. నేను సూస్కుంట కూసోవాలె. నాతోని గాదు."

మీరు నుంచి నువ్వులోకి ఎప్పుడు దిగారో ఇద్దరూ గమనించలేదు. ఆమె కోపంగా పెంకుల సంచుల వైపు చూపించింది. ఎత్తుకోమని అర్థం. అతను మారుమాట్లాడకుండా ఎత్తుకున్నాడు.

శని, ఆదివారాలు ఏసీ గది నిండా పెంకులే. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని ఆమె రంగు చెప్పింది, అతను మళ్లీ కొట్టాడు. శనివారం పొడిపొడిగా మాట్లాడిన మనిషి, ఆదివారం మధ్యాహ్నానికి తన టిఫిన్ డబ్బా అతని వైపు జరిపింది.

సోమవారం అధికారి పాటిగడ్డ దగ్గరికే వచ్చి కొత్త గ్రాఫ్ చూశాడు. ఎరుపు పైన, నలుపు అడుగున, ఎవరైనా ఊహించేదే. కానీ కిందికి పోయేకొద్దీ నలుపు పెరుగుతూనే ఉంది. గుంత అడుగున కూడా తగ్గలేదు. "అంటే అసలు ఊరు ఇంకా కిందే ఉంది. ఆపడమెందుకు?" అంటూ ఇంకో ఏడాదికి ఒప్పుకున్నాడు. మొదటి గ్రాఫే చూపించి ఉంటే, అడుగున పాతదేమీ లేదని పూడ్చెయ్యమనేవాడే.

జీపు వెళ్లిపోయింది. జ్ఞానేశ్వరి గుంత అంచున నిలబడి పసిపిల్లలా చప్పట్లు కొట్టింది. ఇదే సమయమనుకున్నాడు రామేశ్వర్.

"నువ్వంటే నాకు ఇష్టం. చెప్పాల్నని శానా దినాలసంది అనుకుంటున్న."

"తప్పు చెప్పనీకి వానల ఉరికొచ్చినవ్. గీ ముచ్చటకు గిన్ని దినాలా?" ఆమె తల వంచుకుని నవ్వింది. "మా బాపుకు నీ సంగతి రాత్రే చెప్పిన. పిలగాడు ఎసొంటోడని అడిగిండు."

"ఏమన్నవ్?"

"తప్పు చేస్తే, ఎవలు అడగకముందే వచ్చి చెప్తడన్న."

"గంతేనా? మరి బాపు?"

"మగ్గం ఆపిండు. జరసేపు నా మొకం సూసి, తోలుకరా బిడ్డా అన్నడు."